ప్రయోగశాల నుండి మన గడప వరకు

వైద్యం, వ్యవసాయం, పదార్థ విజ్ఞానం వంటి రంగాలలో జరుగుతున్న పరిశోధనల వార్తలు నేడు ప్రతి ఇంటికీ చేరుతున్నాయి. అయితే అవి పరిశోధకుని నోటి నుండి నేరుగా రావడం లేదు. చేతి ఫోనులో ఒకరి నుండి మరొకరికి మారుతూ, దారిలో ఎంతో కొంత రంగు పూసుకుని వస్తున్నాయి. ‘ఈ బియ్యం తింటే షుగర్ వ్యాధి నయమవుతుంది’, ‘చూపు పోయినవారికి యంత్రంతో కన్ను ముద్రిస్తున్నారు’, ‘కొత్త వరి వచ్చింది, దిగుబడి రెట్టింపు’ వంటి సందేశాలు చూపించి, ‘మౌలానా, ఇది నిజమేనా?’ అని మదరసాకు వచ్చే తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్న వెనుక ఒకరికి మధుమేహంతో బాధపడుతున్న తల్లి ఉంటుంది. మరొకరికి కౌలుకు తీసుకున్న రెండెకరాల పొలం ఉంటుంది. ఇంకొకరికి ఒక కన్ను మసకబారిన బిడ్డ ఉంటుంది.

వారికి నిజమనో, అబద్ధమనో ఒక్క మాటలో జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఆ మూడు సందేశాలలోనూ కొంత నిజం ఉన్నది. ఏ పరిశోధన అయినా ప్రయోగశాలలో పుట్టి, పరీక్షలకు నిలిచి, అనుమతులు పొంది, విత్తనంగానో, చికిత్సగానో, పరికరంగానో మన గడప తొక్కడానికి ఎన్నో మెట్లు ఎక్కవలసి ఉంటుంది. కొన్ని ఇప్పటికే మన చేతికి అందాయి. కొన్ని గుమ్మం దగ్గర నిలిచి ఉన్నాయి. కొన్ని ఇంకా దారిలో ఉన్నాయి. ఏ వార్త ఏ మెట్టు మీద ఉన్నదో గుర్తించగలిగితే, ఆశ పెట్టుకోవలసిన చోట ఆశ పెట్టుకోగలం. మోసపోయే చోట జాగ్రత్త పడగలం. ఇందుకు ఉదాహరణలు వెతుకుతూ దూరదేశాలకు వెళ్ళనవసరం లేదు. అవి మన తెలుగు నేలమీదనే ఉన్నాయి.

చేతికందిన ఫలితం

మన ఇళ్ళలో సన్నబియ్యం అనగానే గుర్తుకు వచ్చేది సాంబమసూరి. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన ఈ రకాన్ని రైతులు బీపీటీ 5204 అని పిలుస్తారు. గింజ సన్నగా, అన్నం మెత్తగా ఉండడం వలన దీనికి దేశమంతటా ఆదరణ లభించింది. కాని దీనికి ఒక పెద్ద బలహీనత ఉన్నది. బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులు సోకితే ఆకులు అంచుల వెంబడి పసుపుబారి ఎండిపోతాయి. కంకిలో తాలు మిగులుతుంది. ఒకసారి చేలో వ్యాపించిన ఈ తెగులును మందులు చల్లి అదుపు చేయడం చాలా కష్టం.

హైదరాబాదులోని సీసీఎంబీ, భారతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ సమస్య మీద కలిసి పనిచేశారు. రమేష్ సొంటి, ఆర్. ఎం. సుందరం వంటివారు ఈ కృషిలో ముఖ్యులు. ఈ తెగులును తట్టుకునే శక్తినిచ్చే మూడు జన్యువులు ఇతర వరి రకాలలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఆఫ్రికా ఖండపు అడవి వరి నుండి వచ్చినది. ఆ జన్యువులు ఉన్న వరిని సాంబమసూరితో సంకరం చేశారు. పుట్టిన మొక్కలను మళ్ళీ మళ్ళీ సాంబమసూరితోనే కలుపుతూ వచ్చారు. ప్రతి తరంలోనూ లేత ఆకు ముక్కలోని డీఎన్ఏను పరీక్షించి, కావలసిన మూడు జన్యువులూ ఉన్న మొక్కలను మాత్రమే ఎన్నుకున్నారు. పంట పండి, తెగులు సోకే వరకు వేచి చూడవలసిన అవసరం లేకుండా మొలక దశలోనే మేలైనదానిని గుర్తించడం ఈ పద్ధతిలోని సుగుణం. ఇలా రూపొందిన ‘మెరుగైన సాంబమసూరి’ 2008లో విడుదలయింది. రుచి, గింజ ఆకారం పాతవే. తెగులును తట్టుకునే శక్తి కొత్తది.

తరువాత జరిపిన పరీక్షలలో ఈ బియ్యానికి మరొక గుణం ఉన్నట్లు వెల్లడయింది. తిన్న ఆహారం రక్తంలోని చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో కొలిచే కొలమానాన్ని గ్లైసీమిక్ సూచిక అంటారు. శుద్ధమైన గ్లూకోజును 100గా తీసుకుంటే, 55 లేదా అంతకన్నా తక్కువ ఉన్న ఆహారాన్ని తక్కువ సూచిక గలదిగా లెక్కిస్తారు. మెరుగైన సాంబమసూరి సూచిక సుమారు 51గా తేలింది.

‘షుగర్ నయం చేసే బియ్యం’ అనే సందేశానికి మూలం ఇటువంటి పరిశోధనలే. ఈ బియ్యం చక్కెరను కొంత నెమ్మదిగా పెంచుతుందన్నది పరిశోధన చెప్పిన మాట. వ్యాధి నయమవుతుందన్నది మధ్యలో ఎవరో చేర్చిన మాట. నెమ్మదిగా పెరిగినా పెరిగేది చక్కెరే. రెండు పూటలా పళ్ళెం నిండా తింటే ఏ బియ్యమైనా ఒకే దారికి తీసుకువెళ్తుంది. కనుక ఈ బియ్యం దొరికినవారు తినవచ్చు. అయితే అన్నం పాళ్ళు తగ్గించి పప్పు, కూరలు పెంచడం, నడవడం, వైద్యుడు రాసిన మాత్రలు మానకపోవడం ముఖ్యం. ముఖ్యంగా రమజాన్‌లో ఉపవాసం పాటించదలచిన మధుమేహ రోగులు, నెల ప్రారంభానికి ముందే వైద్యుణ్ణి కలిసి మందుల వేళలు మార్పించుకోవాలి. సహ్రీలో ఏ బియ్యం తిన్నామనేది దాని తరువాతి విషయం.

గుమ్మం దగ్గర నిలిచినది

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణ పద్ధతిలో మన దేశంలో రూపొందిన మొదటి వరి రకాలు ఇవి. ఈ రెండింటి మూలాలూ తెలుగు నేలలోనే ఉండడం గమనార్హం. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ సాంబమసూరి నుండి ‘డీఆర్ఆర్ ధన్ 100’ను రూపొందించి దానికి ‘కమల’ అని పేరు పెట్టింది. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, మన మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010 అంటే కాటన్‌దొర సన్నాలు నుండి ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’ను రూపొందించింది. చౌడు, ఉప్పు నేలలను తట్టుకోవడం దీని లక్ష్యం.

కమలలో జరిగినదేమిటో చూద్దాం. వరి కంకిలో ఎన్ని గింజలు పట్టాలనేది సైటోకైనిన్ అనే హార్మోను మీద ఆధారపడి ఉంటుంది. మొక్కలోని ఒక జన్యువు ఆ హార్మోనును విరగగొట్టే ఎంజైమును తయారు చేస్తుంది. ఆ జన్యువు పని తగ్గితే హార్మోను నిలుస్తుంది, కంకిలో గింజలు పెరుగుతాయి. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ సంగతి కనుగొన్నారు. అధిక గింజలు పట్టే ఒక వరి రకంలో ఈ జన్యువు సహజంగానే మందకొడిగా ఉన్నట్లు వారు గుర్తించారు. హైదరాబాదు శాస్త్రవేత్తలు సాంబమసూరిలోని అదే జన్యువును క్రిస్పర్ అనే సాధనంతో సవరించారు. డీఎన్ఏలో కోరిన చోట కత్తిరించగల ఈ సాధనాన్ని రూపొందించిన ఇమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలకు 2020లో నోబెల్ బహుమతి లభించింది. ఇక్కడ మరొక జీవి జన్యువును తెచ్చి చేర్చడం జరగలేదు. జన్యు మార్పిడి పంటలకూ, దీనికీ ఉన్న తేడా ఇదే.

ప్రభుత్వం ప్రకటించిన లెక్కల ప్రకారం సాంబమసూరి దిగుబడి హెక్టారుకు 4.5 టన్నులు కాగా, కమల దిగుబడి 5.37 టన్నులు. 75 కిలోల బస్తాల లెక్కన చూస్తే ఎకరానికి సుమారు 24 బస్తాల చోట 29 బస్తాలు. పంట దాదాపు 20 రోజులు ముందుగా, 130 రోజులకు కోతకు వస్తుంది. సాగర్ కాలువ చివరి భూముల రైతుకు ఆ 20 రోజుల నీరు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. దిగుబడి పెరుగుదల ఐదవ వంతుకు దగ్గరగా ఉన్నది. రెట్టింపు మాత్రం కాదు. ఇవి పరీక్షా క్షేత్రాలలో వచ్చిన అంకెలు. ఈ అంకెలను ప్రశ్నించినవారు కూడా ఉన్నారు. క్రిస్పర్ సాధనం మీద విదేశీ సంస్థలకు ఉన్న పేటెంటు హక్కులు రేపు రైతు విత్తన స్వేచ్ఛకు అడ్డు రావా అని అడిగినవారూ ఉన్నారు. ఈ ప్రశ్నలకు సమాధానాలు బహిరంగంగా రావాలి. ప్రశ్నించడం విజ్ఞానానికి శత్రుత్వం కాదు.

రైతు సోదరులు తెలుసుకోవలసిన మరొక విషయం ఉన్నది. ఒక రకాన్ని ప్రకటించిన రోజే దాని విత్తనం అంగడికి రాదు. మొదట బ్రీడరు విత్తనం, దాని నుండి ఫౌండేషన్ విత్తనం, దాని నుండి సర్టిఫైడ్ విత్తనం తయారు కావాలి. బ్రీడరు విత్తనానికి పసుపు రంగు, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, సర్టిఫైడ్ విత్తనానికి నీలం రంగు ట్యాగు ఉంటుంది. కొత్త రకం పేరు చెప్పి, ట్యాగు లేని సంచిని, రసీదు లేకుండా అంటగట్టేవారు ఉంటారు. పేరు చూసి కాక, ట్యాగు చూసి, రసీదు తీసుకుని, మండల వ్యవసాయాధికారిని అడిగిన తరువాతనే విత్తనం కొనాలి. ఒక సంచి విషయంలో మోసపోతే పోయేది సంచి ఖరీదు ఒక్కటే కాదు, ఆ ఏటి కౌలు, ఎరువులు, ఇంటిల్లిపాది చాకిరీ అన్నీ పోతాయి.

ఇది సృష్టిని మార్చడమా?

జన్యు సవరణ గురించి చెప్పినప్పుడల్లా విశ్వాసులు ఒక సందేహం వెలిబుచ్చుతారు. అల్లాహ్ సృష్టిని మార్చడం షైతాను ప్రేరేపణ అని దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్నిసా సూరా హెచ్చరిస్తున్నది కదా, మరి ఇది దాని క్రిందికి రాదా అని. సందేహం గౌరవించదగినది. ఆ హెచ్చరిక, మిథ్యా దైవాల పేర పశువుల చెవులు కోసే దురాచారం ప్రస్తావనతో కలిసి వచ్చింది. అల్లాహ్ నిర్ణయించిన ధర్మాన్ని, సహజ స్వభావాన్ని చెరచడమని దానికి అర్థం చెప్పిన వ్యాఖ్యాతలు ఉన్నారు. అవయవాలను వికృతం చేయడమని చెప్పినవారూ ఉన్నారు. పంటను మేలు చేసుకోవడం ఆ కోవలోనిది కాదని అనేక మంది పండితుల అభిప్రాయం.

మా విస్సన్నపేట, నూజివీడు ప్రాంతం మామిడి తోటలకు పేరుపొందినది. ఇక్కడి తోటలలోని ఏ బంగినపల్లి చెట్టూ టెంక నాటితే యథాతథంగా వచ్చినది కాదు. నాటు మొక్క మొదలు మీద మేలైన చెట్టు కొమ్మను అంటు కట్టగా వచ్చినది. తరతరాలుగా ఆ పండును మనం బిస్మిల్లాహ్ అని తింటూనే ఉన్నాము. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి రైతులు మగ ఖర్జూరపు పూగుత్తులను ఆడ చెట్లకు చేర్చడం చూసి ప్రశ్నించారనీ, వారు ఆ పని మానగా దిగుబడి తగ్గిందనీ, అప్పుడు ప్రవక్త (స) ప్రాపంచిక పనులలో మీ అనుభవం మీకే బాగా తెలుసునని వారికి వివరించారనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. సేద్యంలో ఏది పనిచేస్తుందో అనుభవంతో, పరీక్షతో తేల్చుకునే మార్గాన్ని ఈ ఉదంతం తెరిచి ఉంచింది.

అయితే ధర్మం అడిగే ప్రశ్నలు ఇక్కడితో ముగియవు. తినేవారికి హాని లేదని తగినంతగా పరీక్షించారా? అమ్మేవారు ఉన్నది ఉన్నట్లు చెబుతున్నారా? విత్తనం కొద్దిమంది గుప్పిట్లో బంధించబడి పేదకు అందకుండా పోతుందా? హాని, మోసం, దుర్బుద్ధితో నిల్వ చేసి బంధించడం అనే మూడింటినీ షరీఅత్ ఏనాడో నిషేధించింది. సవరించిన గింజను తూచవలసినది ఈ తూకంతోనే. ప్రత్యేకమైన సందర్భాలలో నమ్మకమైన ముఫ్తీని అడగడం మంచిది.

కంటి విషయంలో రెండు మెట్లు

కంటి నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులోని మూలకణాలు ఆ పొర పైభాగాన్ని నిత్యం కొత్తగా ఉంచుతాయి. తాంబూలపు సున్నం, ఆమ్లాలు కంట్లో పడితే ఆ అంచు కాలిపోతుంది. అప్పుడు కార్నియా మీదికి తెల్లటి పొర పాకి చూపు మూసుకుపోతుంది. సున్నం పొట్లం నొక్కి ఆడుకునే చిన్నపిల్లలు దీనికి ఎక్కువగా గురవుతుంటారు.

దీనికి హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు 2012లో ఒక సులభమైన శస్త్రచికిత్సను ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న రెండవ కంటి అంచు నుండి సుమారు రెండు మిల్లీమీటర్ల కణజాలం తీసుకుంటారు. దానిని చిన్న చిన్న ముక్కలు చేసి, కాన్పులో వచ్చే మాయ పొరను గాయపడిన కంటి మీద పరచి, దానిపై ఆ ముక్కలను జీవ సంబంధమైన జిగురుతో అతికిస్తారు. అవి అక్కడే పెరిగి కంటిని కప్పుతాయి. అంతకుముందు ఈ కణాలను దాదాపు రెండు వారాలు ఖరీదైన ప్రయోగశాలలో పెంచవలసి వచ్చేది. ఈ కొత్త పద్ధతికి ఆ ప్రయోగశాల అవసరమే లేదు. ఒక కన్ను బాగున్న రోగికి ఉపయోగపడే ఈ చికిత్స ఇతర దేశాలలో కూడా వాడుకలోకి వచ్చింది. అంటే ఇది చేతికందినది.

2022 ఆగస్టులో వెలువడిన వార్త వేరు. అదే సంస్థ, ఐఐటీ హైదరాబాదు, సీసీఎంబీ కలిసి త్రీడీ ముద్రణ యంత్రంతో కృత్రిమ కార్నియాను తయారు చేశాయి. మార్పిడికి పనికిరాని మానవ కార్నియాల నుండి కణాలను తొలగించి, మిగిలిన మూల పదార్థాన్ని జిగురు ద్రవంగా మార్చి, మూలకణాలతో కలిపి పొరగా ముద్రించారు. దానిని కుందేలు కంటిలో అమర్చారు. ‘చూపు పోయినవారికి కన్ను ముద్రిస్తున్నారు’ అనే సందేశం ఈ ప్రయోగం నుండి పుట్టింది. కాని ముద్రించినది కన్ను కాదు, కంటి ముందరి పొర. అమర్చినది మనిషికి కాదు, కుందేలుకు. జంతువు మీద పనిచేసినది మనిషి మీద పనిచేస్తుందని ముందే తీర్మానించరాదనీ, మందును మనిషి శరీరం మీదనే పరీక్షించి చూడాలనీ వెయ్యేళ్ళ క్రితమే ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథంలో వివరించాడు. ఆ నియమం నేటికీ నిలిచి ఉన్నది.

ఈ పరిశోధన సఫలం కావాలని మనం కోరుకోవడానికి ప్రత్యేక కారణం ఉన్నది. మరణానంతర నేత్రదానం విషయంలో ఇస్లామీయ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కొందరు షరతులతో అనుమతించారు, కొందరు అభ్యంతరం తెలిపారు. కార్నియాల కొరత మాత్రం అందరి ఎదుటా ఉన్నది. మార్పిడికి పనికిరాని కార్నియాలు కూడా చూపునివ్వగలిగితే ఆ కొరత భారం కొంత తగ్గుతుంది. అంతవరకు తల్లులు చేయగలిగిన పని ఒకటి ఉన్నది. సున్నం డబ్బాను పిల్లల చేతికి అందనీయకూడదు. పొరపాటున కంట్లో పడితే నలపకుండా, నూనెలు, చనుబాలు వేయకుండా, వెంటనే శుభ్రమైన నీటి ధారతో కనీసం 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మొదటి కొద్ది నిమిషాలలో కడిగిన నీరు తరువాత చేసే ఎంతో వైద్యాన్ని తప్పించగలదు.

దారిని దగ్గర చేసినవారు

ప్రయోగశాలకూ, గడపకూ మధ్య దూరాన్ని ఏది తగ్గిస్తుంది? హైదరాబాదులో జరిగిన ఒక సంఘటన దీనికి జవాబు చెబుతుంది. అప్పుడు డాక్టర్ ఏ. పీ. జే. అబ్దుల్ కలామ్ ఇక్కడి రక్షణ పరిశోధన సంస్థలలో పనిచేసేవారు. క్షిపణులకోసం చాలా తేలికైన, దృఢమైన పదార్థాలు అక్కడ తయారయ్యేవి. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు ఒకరు ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూసి, కలామ్ గారిని తన ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు కట్టుకుని కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో కలామ్ గారి బృందం 300 గ్రాముల కాలిపర్లు తయారు చేసి ఇచ్చింది. తన జీవితంలో అత్యంత సంతృప్తినిచ్చిన పనులలో ఇది ఒకటని ఆయన పలుమార్లు చెప్పుకున్నారు.

పదార్థం అప్పటికే ఉన్నది. పిల్లల బాధ కూడా అప్పటికే ఉన్నది. ఈ రెండింటినీ కలిపినది, తన రోగుల బరువును గుర్తుపెట్టుకుని పరాయి ప్రయోగశాలలో అడుగుపెట్టిన ఒక వైద్యుని చూపు. అవసరం తెలిసినవాడు, సాధనం ఉన్నవాడు ఒకచోట కూర్చుంటే ఏళ్ళ దారి వారాలలో సాగుతుంది. వరి విషయంలో జన్యు శాస్త్రవేత్తలు, వరి శాస్త్రవేత్తలు కలిసి కూర్చున్నారు. కంటి విషయంలో వైద్యులు, ఇంజనీర్లు కలిసి కూర్చున్నారు. మన పిల్లలను చదివించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ కాలిపర్ల కథకు ముగింపు ఆసుపత్రిలో కాక, పోలియో చుక్కల దగ్గర వచ్చింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమైనదని ధ్రువీకరణ లభించింది. మధ్యకాలంలో ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల చుక్కల మీద వదంతులు వ్యాపించి, ముస్లిం కుటుంబాలు కొన్ని తలుపులు మూసుకున్నాయి. అప్పుడు మస్జిదుల ఇమాములు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా ఇస్లామియా వంటి సంస్థలవారు ముందుకు వచ్చి, తల్లిదండ్రుల భయాన్ని విని, సందేహాలు తీర్చి ఆ తలుపులు తెరిపించారు. పరిశోధన గడప దాకా వచ్చినా, గడప దాటి లోపలికి రావడానికి ఇంట్లోవారి నమ్మకం కావాలి. ఆ నమ్మకాన్ని నిలబెట్టే బాధ్యత ఆలిములది కూడా.

ఇంటిలో అడగవలసిన ప్రశ్నలు

కనుక సోదర సోదరీమణులారా! ఇక ముందు ఫోనులో ఇటువంటి వార్త వచ్చినప్పుడు దానిని మరొకరికి పంపే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని చేసిన సంస్థ పేరు, సంవత్సరం అందులో ఉన్నాయా? దీనిని పరీక్షించినది గాజు పాత్రలోనా, జంతువు మీదనా, మనుషుల మీదనా, పరీక్షా క్షేత్రంలోనా, రైతు పొలంలోనా? ప్రభుత్వ అనుమతి లభించిందా? దీనిని నమ్మి నేను వాడుతున్న మందునో, వేస్తున్న పంటనో మానవలసి ఉంటే, ముందుగా వైద్యుణ్ణి లేదా వ్యవసాయాధికారిని అడిగానా? విన్న ప్రతి వార్తనూ విచారించనిదే నమ్మరాదని, దాని వలన అమాయకులకు హాని కలుగవచ్చునని అల్‌హుజురాత్ సూరా మనకు నేర్పిన మర్యాద ఇక్కడ కూడా వర్తిస్తుంది.

తల్లి మాత్రల డబ్బా, కౌలు రైతు విత్తన సంచి, బిడ్డ కన్ను అనేవి ప్రయోగాలకు పెట్టవలసిన వస్తువులు కావు. వాటి విషయంలో తొందరపడకుండా, వచ్చిన మేలును తిరస్కరించకుండా నడవడమే వివేకం. అల్లాహ్ మనందరికీ ప్రయోజనం కలిగించే జ్ఞానాన్ని, దానిని గుర్తించే వివేచనను ప్రసాదించుగాక! ఆమీన్.